మామిడి గంపలో దించిన మనిషి

నలభై ఎనిమిది ఆగస్టులో బెజవాడలో లారీ ఎక్కాం. ఆగిరిపల్లి, నూజివీడు దాటి, చాట్రాయి అవతల ఒక మామిడి తోటలో దింపారు. వాన. ఎర్రమట్టి బూట్లని పట్టుకుని వదలదు. నేను పుట్టింది ఆగిరిపల్లిలోనే. పట్టాళంలో చేరి అస్సాం చూశాను, బర్మా అంచు చూశాను. తిప్పి తిప్పి సర్కారు నన్ను మా ఇంటికి బండి దూరంలో కాపలా పెట్టింది. నవ్వొచ్చింది.

నేను నర్సింగ్ ఆర్డర్లీని. డాక్టరు కెప్టెన్ గారి పెట్టె మోయడం, కట్లు కట్టడం నా పని. సామాను: రెండు స్ట్రెచర్లు, చెక్కబద్దలు, కట్టుగుడ్డలు, మార్ఫియా, కారే డేరా ఒకటి. నిజాం సరిహద్దు కొద్ది మైళ్లే. అవతల ఏం కదిలినా చూడండి, చెప్పండి, కాల్చకండి. అంతే ఆర్డరు.

చూడటానికి ఎత్తైన చెట్టు మీద మంచె వేయించారు. వేసింది వీరాస్వామి బాబాయి, ఆ తోట కోత మేస్త్రి. నూజివీడు షావుకార్లు ఆయన కోసం ఎదురుచూసేవాళ్లు. గడకి వల సంచి కట్టిన చిక్కంతో రసాలు కోసి, వరిగడ్డి పరిచిన పెద్ద గంపలో పేర్చి, మోకు కట్టి కిందికి వదిలేవాడు. గంప నేలని తాకిన చప్పుడు వినబడేది కాదు. కాయ మీద మచ్చ పడేది కాదు. కోతలైపోయాక కాపలాకి ఉండిపోయి, మా పనుల్లో పడ్డాడు.

మంచె మీద వైర్‌లెస్ కుర్రాడు ఉండేవాడు. పార్వతీపురం వైపువాడు, కొత్తగా పెళ్లయింది, ఫుట్‌బాల్ పిచ్చి. నోరు ఊరుకునేది కాదు.

"మంచె నుంచి కిందికి. రోడ్డు మీద ఎడ్లబండి. గూడు కట్టుంది. లోపల పెళ్లికూతురేమో తెలియడంలేదు, ఓవర్."

"కింద నుంచి మంచెకి," అనేవాడు మా హవల్దారు. "నోరు మూసుకుని బండిని చూడు, ఓవర్."

సెప్టెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం గాలివాన. ఏరియల్ తీగ ఊడితే కుర్రాడు కట్టడానికి లేచాడు. తడి పలక మీద బూటు జారింది. కింది పంగలో వెల్లకిలా పడ్డాడు. నడుం మీదే దెబ్బ. నేలకి ఇంకా రెండు నిలువుల ఎత్తు ఉంది. అక్కడే ఇరుక్కున్నాడు.

డాక్టరు గారు పక్క కంపెనీకి వెళ్లారు. నేను తోట అటు చివర డేరా చుట్టూ నీళ్లు పోవడానికి కాలవ తీస్తున్నాను. సెంట్రీ కేక విని పరుగెత్తాను. కుర్రాడు బూట్లతో కొమ్మని తన్నుకుంటూ పట్టు కోసం వెతుకుతున్నాడని సెంట్రీ తర్వాత చెప్పాడు. అంటే అప్పటికి కాళ్లు ఆడుతున్నాయి. ఆ మాట గుర్తుపెట్టుకోండి, నేను మరిచిపోలేకపోయాను.

నేను వెళ్లేసరికి వీరాస్వామి బాబాయి ఇద్దరు కూలీలతో చెట్టు మీదున్నాడు. ఆయనకి తెలిసిన దారిలో ఆయన చేశాడు. గంపలో మామూలుకంటే ఎక్కువ గడ్డి వేశాడు. తన తలగుడ్డ విప్పి పైన పరిచాడు. కుర్రాణ్ణి మోకాళ్లు గడ్డానికి ఆనేలా మడిచి కూర్చోబెట్టాడు. మోకు వదులుతున్నాడు.

"వంచొద్దు బాబాయ్! నడుం తిన్నగా ఉంచాలి! ఆపు!" అని అరిచాను.

"కంగారుపడకు అబ్బాయ్, మెత్తగానే దించుతున్నాను," అన్నాడు వానలోంచి.

గంప నేలని తాకింది. చప్పుడు లేదు.

సాయంత్రం డాక్టరు గారు గుండుసూదితో పాదం నుంచి పైకి గుచ్చుకుంటూ వచ్చారు. బొడ్డు దాకా కుర్రాడు పలకలేదు. ఆయన నన్ను డేరా బయటికి పిలిచి, "ఎవరు మడిచారు?" అని అడిగారు. చెప్పాను. "ఎముక విరగడం వేరు, వెన్ను లోపలి నరాల తాడు తెగడం వేరు. బల్ల మీద దించి ఉంటే నడిచేవాడేమో," అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది.

బల్లకి కట్టి, లారీలో, రైల్లో పెద్ద మిలటరీ ఆసుపత్రికి చేర్చాం. నన్ను వాడి దగ్గరే డ్యూటీ వేశారు. ఎముకల వార్డు. మెడ కింద నుంచి తొడల దాకా ప్లాస్టర్ తొట్టె, అందులో మనిషి. గంట గంటకీ పక్క తిప్పాలి. తిప్పినా వీపు కింద పుళ్లు పడ్డాయి. మూత్రానికి గొట్టం. పక్క మంచంలో తుంటి విరిగిన నాయక్ ర్యాంకు సిపాయి ఒకడు. నెలల తరబడి కట్టులో ఉండి లేచాడు, ఒక కాలు పొట్టిదైంది. కుంటుకుంటూ గుమ్మం దాటుతుంటే మావాడు చూపు తిప్పుకోలేదు. "కుంటైనా చాలు సార్," అన్నాడు.

ఒకరోజు ఒళ్లు తుడుస్తుంటే వాడే ఎత్తాడు. "ఆ తాతది మంచి చెయ్యి సార్. పంగలో ఉన్నప్పుడు కాళ్లలోకి మంటలు. గంపలో దిగుతుంటే మధ్యలోనే కాళ్ల నొప్పి పోయింది. ఊరెళ్తే నా దండాలని చెప్పండి."

ఆ నొప్పి ఎందుకు పోయిందో నాకు తెలుసు. చెబుతానన్నాను. మాఘమాసంలో పుండు తాలూకు జ్వరం వచ్చి వాడు పోయాడు. భార్యకి కబురు పెట్టారు, ఆవిడ వచ్చేసరికి దహనం అయిపోయింది.

ఎండాకాలంలో నన్ను ఇంటికి పంపేశారు. మళ్లీ కోతలు. చాట్రాయి తోటకి వెళ్లాను, పోయాడని చెప్పి రావాలని మాత్రమే. బాబాయి నన్ను చూసి చెట్టు దిగి వచ్చాడు. నేను నోరు తెరవకముందే పాక చూరుకి వేలాడుతున్న గంప చూపించాడు. లోపల పాత బొంత వేసి కుట్టి ఉంది.

"ఎవడైనా చెట్టు మీద దెబ్బ తగిలించుకుంటే దీంట్లోనే దించమని మా వాళ్లకి నేర్పానురా. పట్టాళం మనిషినే దించాను కదా. ఎలా ఉన్నాడు? నడుస్తున్నాడా?"

చుట్టూ కూలీలు. ఆ వేళ పది చెట్ల మీద మనుషులు ఉన్నారు. దండాలు మాత్రం చెప్పి వచ్చేద్దామా అనిపించింది. గంప వంక చూశాక కుదరలేదు.

"పోయాడు బాబాయ్. ముందు కాళ్లు పోయాయి. నడుం విరిగినవాణ్ణి వంచితే లోపలి నరం తెగుతుంది. చెట్టు మీద ఉన్నప్పుడు కాళ్లు ఆడాయి."

ఆయన చాలాసేపు తలగుడ్డ సర్దుకున్నాడు. "మెత్తగానే దించానే," అన్నాడు.

"మెత్తగానే దించావు. నీ చెయ్యి మంచిదన్నాడు, నీకు దండాలు చెప్పమన్నాడు. వంచకుండా దించాల్సింది, అంతే."

"మరెలా దించాలి?"

"బల్ల మీద. పడుకోబెట్టి, కట్టి."

బాబాయి గంప తాడు కోసి పొయ్యి పక్కన పడేశాడు. పాక తలుపు ఊడదీసి చెట్టు కింద పరిచాడు. కోస్తున్న వాళ్లందర్నీ దిగి రమ్మన్నాడు. తనే ఆ తలుపు మీద వెల్లకిలా పడుకుని, చేతులు పక్కన పెట్టుకుని, "కట్టి ఎత్తండిరా. నడుం కదిలితే చంపేస్తాను," అన్నాడు.

నలుగురు ఎత్తి పక్క చెట్టు దాకా మోశారు. "శవంలా బిగుసుకున్నావేంటి మావా," అని ఒకడు నవ్వాడు. బాబాయి కళ్లు మూసుకుని ఉన్నాడు. రెండు పక్కలా నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోలేదు. కదలకూడదని తనే చెప్పాడు కదా.

సరిహద్దు పోయింది, నిజాం పోయాడు, నా పట్టాళం బూట్లు ఎవరికిచ్చానో గుర్తులేదు. నా కళ్ల ముందు మాత్రం ఆ తలుపు మీద ముసలాయన చెట్టు నుంచి చెట్టుకి అలా మోయించుకుంటూనే ఉన్నాడు.