చుక్క పడని మూల

ఎర్రవాగులో ఆశీర్వాదం ఫొటో తియ్యని మనిషి లేడు. పెళ్లిలో తీశాడు, బాప్తిస్మంలో తీశాడు, రేషన్ కార్డుకు తీశాడు, చివరికి పెట్టెలో పడుకున్నాక కూడా తీశాడు. మిషన్ సంఘంలో అదొక ఆనవాయితీ. మనిషి పోతే, పెట్టెకు మూత పెట్టేముందు ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటారు. ఆశీర్వాదం కుర్చీ ఎక్కి పైనుంచి ఒక ఫొటో తీస్తాడు. గుండెలు బాదుకుంటున్న వాళ్లను "జర ఇటు చూడున్రి" అని అడగడం ఎంత కష్టమో ఆయనకే తెలుసు. ముప్పై అయిదేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు, వాళ్లూ కళ్లు తుడుచుకుని చూస్తూనే ఉన్నారు.

ఆయన తల్లి ఎలీసబెతుకు మాత్రం అలాంటి ఫొటో లేదు. పత్తి ఏరబోయి పాము కరిచి పోయిన కూలి మనిషికి ఫొటో ఎవడు తీస్తాడు! అప్పటికి ఆశీర్వాదానికి తొమ్మిదేళ్లు. చెన్నూరు రోడ్డు పక్కనున్న సమాధుల తోటలో, రోడ్డువైపు మూలన, మట్టి కుప్ప పోసి తుమ్మకర్ర సిలువ పాతారు. రెండు వానలకు కర్ర పోయింది, నాలుగు వానలకు కుప్ప కూడా నేలలో కలిసింది.

ఆ మూలంతా అట్లాంటివాళ్లే. రాయి వేయించుకునే స్తోమత లేనివాళ్లు. ఎవరు ఎక్కడున్నారో ఇంటివాళ్లకు తెలుసు, గోతులు తవ్వే రాజంకు తెలుసు. ఈస్టర్ పొద్దున రాళ్లున్నవాళ్లు రాళ్లకు సున్నం వేస్తారు. రాళ్లు లేనివాళ్లు ఉత్త నేల మీదనే సున్నంతో సిలువ గీసి, దాని మీద పూలు పెడతారు. ఊళ్లో ఎంత పేరున్నా ఆశీర్వాదం కూడా ఏటేటా నేల మీద సిలువ గీసేవాడే. స్టూడియో తిండి పెట్టింది, బిడ్డను చదివించింది, అంతకుమించి మిగిల్చింది లేదు. తల్లికి రాయి వేయించలేదన్న బాధ మాత్రం ఆయనకు పంటిలో ఇరుక్కున్న పీచులా ఉండేది.

ఇక బెంజమిన్ సంగతి. సంఘం కార్యదర్శి, రిటైరైన హెడ్మాస్టరు, పెద్దమనిషి. ఆశీర్వాదమూ ఆయనా మిషన్ హాస్టల్లో ఒకే కంచంలో తిని ఒకే మంచంలో పడుకున్నవాళ్లు. తల్లి పోయిన ఏడాది ఆశీర్వాదం రాత్రిళ్లు ఉలిక్కిపడి ఏడిస్తే దగ్గరికి తీసుకున్నది బెంజమినే. అది అబద్ధం కాదు. అందుకే కదా కడుపు మండేది.

పోయిన చలికాలం బెంజమిన్ స్టూడియోకు వచ్చి కూర్చున్నాడు.

"ఆశీర్వాదం, నీతోని ఒక దేవుని పని పడ్డది. మన తోటల ఉన్న సమాధులన్నీ ఫొటో తియ్యాలె. ఊకె తీస్తే గాదు, ఏ సమాధి ఏ జాగల ఉందో ఫొటోల్నే పడాలె. పటం తయారైతది. రేపు ఎవడన్న కబ్జ చేస్తే ఏం చూపిస్తం చెప్పు?"

ఆశీర్వాదానికి ఆ మాట ఎక్కడో తగిలింది. ఇన్నేళ్లు మనుషుల మొహాలు తీశాడు కానీ, వాళ్లను పెట్టిన చోటు ఎన్నడూ తియ్యలేదు. మర్నాడే కరీంనగర్ బస్సెక్కి, కెమెరాల దుకాణంలో అడిగి ఆ సామాను తెచ్చుకున్నాడు. అగ్గిపెట్టంత డబ్బా ఒకటి, గోరంత ముక్క ఒకటి. ముక్కను కెమెరా పక్కనున్న రంధ్రంలో పెట్టాలి, డబ్బాను జేబులో వేసుకోవాలి. రెంటికీ మధ్య తీగ లేదు. డబ్బా ఆకాశంలోని ఉపగ్రహాలను పట్టుకుని మనం నిలబడ్డ చోటేదో ముక్కకు చెబుతుంది, ఆ చోటు అంకెలుగా ఫొటోలో పడుతుంది. కంప్యూటర్లో ఫొటో తెరిస్తే పటం మీద ఎర్రచుక్క కనపడుతుంది.

"సెల్లుతోని తీసినా గదే పడ్తది గద బాపు?" అంది కూతురు ఏంజెల్.

"అరిగిన అక్షరాలు సెల్లుల కనవడయి బిడ్డా. నూరేండ్ల రాళ్లున్నయి ఆడ."

పరీక్షకని వాకిట్లో చిక్కుడుకాయ ఒలుస్తున్న భార్య ప్రిస్కిల్లాను ఒక ఫొటో తీసి, కంప్యూటర్లో చూపించాడు. చుక్క సరిగ్గా వాళ్ల ఇంటి మీదే పడింది.

"ఓయమ్మో! ఇగ నేను మా అవ్వగారింటికి పోయినా దొరికిపోత అన్నట్టు!" అని ప్రిస్కిల్లా ఒకటే నవ్వు.

పని పది రోజులు పట్టింది. రాజం కొబ్బరిపీచుతో రాళ్లు తోమి నీళ్లు చల్లేవాడు, ఆశీర్వాదం మోకాళ్ల మీద కూర్చుని అక్షరాలు కనపడేట్టు తీసేవాడు. మొదటిరోజు పెద్ద తమాషా అయింది. డబ్బాను అన్నం సంచిలో మర్చిపోయి, సంచిని గేటు దగ్గర పెట్టాడు. ముప్పై అడుగులు దాటితే డబ్బా మాట ముక్కకు వినపడదు. సాయంత్రం చూసుకుంటే నలభై సమాధులకు చోటే పడలేదు.

"అంటే గా నలభై మందిని మళ్ల లేపాలెనా అన్నా?" అన్నాడు రాజం. ఇద్దరూ అక్కడే కూలబడి కడుపు పట్టుకుని నవ్వారు.

పదో రోజుకు రాళ్లున్న సమాధులన్నీ అయిపోయాయి. రాజం నీళ్ల బకెట్ పట్టుకుని రోడ్డువైపు మూలకు నడిచాడు.

"ఇగ గీడ తియ్యి అన్నా. అరవై మంది దాంక ఉన్నరు. ఎవరిది యాడుందో నేను చెప్త. మా కరుణ గీన్నే ఉంది, మీ అవ్వకు నాలుగడుగుల అవుతల."

కరుణ రాజం బిడ్డ. నాలుగేళ్లప్పుడు జ్వరంతో పోయింది. ఊళ్లో అందరికీ గోతులు తవ్వే మనిషి, ఆ ఒక్క గోతి మాత్రం తవ్వలేక కూర్చుండిపోతే, వేరేవాళ్లు వచ్చి తవ్వారు.

ఆశీర్వాదం కెమెరా ఎత్తాడు. అప్పుడే బెంజమిన్ స్కూటర్ గేటు ముందు ఆగింది.

"ఏం తీస్తున్నవ్ అక్కడ?"

"మిగిలినయి. మట్టి సమాధులు."

"అరె, ఉత్త నేల ఫొటోలు పంపిస్తే మిషన్ పెద్దాఫీసోళ్లు నవ్వుతరు. ఎవరిదని రాస్తవ్, ఏం కనవడ్తదని తీస్తవ్? విను నా మాట. రెండో దఫాల గీ మూలకంతా సంఘం తరఫున రాళ్లు ఏపిస్త. ముందుగాల్ల మీ అవ్వకు. ఎలీసబెతమ్మ నీకే అవ్వనా, నాకు గాదా? పేరు చెక్కిచ్చినంక మంచిగ తియ్యి."

తల్లి పేరు రాయి మీద! ఆశీర్వాదం కెమెరా దించేశాడు. యాభై ఏళ్లుగా తను చెయ్యలేని పని, స్నేహితుడు అడగకుండానే చేస్తానంటున్నాడు. ఆ పూట ఆయన బెంజమిన్ కాళ్ల మీద పడమన్నా పడేవాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెత ఇట్లాంటి సందర్భం చూసే పుట్టి ఉంటుంది.

రాజం మాత్రం బకెట్ కింద పెట్టలేదు. "అన్నా, ఎందుకైనా మంచిది, ఒకటొకటి తీసి పెట్టుకోరాదు?" అన్నాడు.

"ఫికర్ చెయ్యకు రాజం. రాళ్లు ఏపిస్తరు. కరుణకు కూడా ఏపిస్తరు. అప్పుడు నేనే తీస్త. నా మాట నమ్ము."

"నువ్వు చెప్పినంక ఇంకేముందన్నా," అని రాజం బకెట్లో నీళ్లు అక్కడే పారబోశాడు.

రెండు రోజుల తర్వాత బెంజమిన్ ఒక కాగితం తెచ్చి స్టూడియో బల్ల మీద పెట్టాడు. సమాధుల తోటలోని సమాధులన్నింటినీ చోటుతో సహా ఫొటోలు తీసినట్టు ధ్రువీకరిస్తున్నానని ఉంది. ఆశీర్వాదం చదవకుండా సంతకం పెట్టే రకం కాదు. అద్దాలు పెట్టుకుని చదివి, మధ్యలో ఆగాడు.

"అన్నీ తియ్యలే గద?"

"ఆఫీసు రాతలు గట్లనే ఉంటయి. మొదటిది ఒడిసిందని రాస్తేనే రెండోదానికి మంజూరు. నా మీద నమ్మకం లేదా?"

ఆ ప్రశ్నకు స్నేహితుడన్నవాడు ఏం జవాబు చెబుతాడు? సంతకం పెట్టాడు.

మార్చిలో ఒక ఆదివారం, ఆరాధన అయిపోయాక సంఘం మీటింగ్ పెట్టారు. బెంజమిన్ ముందుగా ఆశీర్వాదాన్ని వేదిక మీదికి పిలిచాడు. కొత్తగా వచ్చిన పాస్టరయ్య చేతుల మీదుగా శాలువా కప్పించాడు. గుడి నిండా చప్పట్లు. ప్రిస్కిల్లా ఆడవాళ్ల వరుసలో కొంగు అడ్డం పెట్టుకుని మురిసిపోయింది.

తర్వాత గోడ మీద తెల్లగుడ్డ కట్టి పటం చూపించారు. మూడు వందల పన్నెండు ఎర్రచుక్కలు. ఆశీర్వాదం కళ్లు అలవాటు కొద్దీ రోడ్డువైపు మూలకు పోయాయి. అక్కడేమీ లేదు. రాళ్లు పడలేదు కదా, రెండో దఫాలో వస్తాయి కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంటున్నాడు.

"చూడున్రి," అన్నాడు బెంజమిన్ కర్రతో ఆ మూలను తట్టి. "దేవుని కృపతోని మనకు రోడ్డు పక్కన గింత ఖాళీ జాగ ఉందని ఇన్నేండ్లు తెల్వలే. ఆశీర్వాదం పని చెయ్యబట్టి తేలింది. చుక్క లేని చోట సమాధి లేదు. గీడ దుకాణాలకు ఎనిమిది మడిగెలు కట్టి కిరాయికిస్తే సంఘానికి ఆసరా. ఇష్టమున్నోళ్లు చేతులెత్తున్రి."

తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఇదే. శాలువా కప్పి మరీ కోశాడు.

"గది ఖాళీ గాదు!" ఆశీర్వాదం గొంతు ఆయనకే కొత్తగా వినపడింది. "మా అవ్వ ఉంది ఆడ. అరవై మంది ఉన్నరు."

బెంజమిన్ తొణకలేదు, బెణకలేదు. పిల్లవాడిని బుజ్జగిస్తున్నట్టు అడిగాడు.

"ఫొటో ఉందా ఆశీర్వాదం?"

"నువ్వే వద్దంటివి గద! రాళ్లు ఏపిస్తనంటివి గద!"

"నేనా? ఎప్పుడు?" అని ఫైలు తెరిచి, సంతకం ఉన్న కాగితం పాస్టరయ్యకు అందించాడు. "అన్నీ తీసిన్నని రాసిచ్చిండు అయ్యగారూ. ఇయ్యాల మాట మారిస్తే సంఘం ఎవరిని నమ్మాలె?"

"పెట్టె ఫొటోలున్నయి నా దగ్గర! గీ మూలల పెట్టినోళ్లయి కూడా ఉన్నయి!"

"అండ్ల మనుషులున్నరు. జాగ ఉందా?"

జాగ లేదు. ఒక్కదాంట్లో కూడా లేదు. పాస్టరయ్య కాగితాన్నీ పటాన్నీ మార్చి మార్చి చూసి తల దించుకున్నాడు. రాళ్లున్నవాళ్ల చేతులు ఒకటొకటే లేచాయి. ఆ మూలన మనుషులున్నవాళ్లలో సగం మంది ఎప్పుడో మంచిర్యాలకు కూలికి పోయారు. మిగిలినవాళ్లు మిషన్ ఇళ్లలోనే ఉంటున్నారు, కార్యదర్శికి ఎదురు చెబితే ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు. వాళ్లు చెయ్యి ఎత్తనూ లేదు, నోరు విప్పనూ లేదు. ముప్పై అయిదేళ్లుగా ఏడుస్తూ కూడా ఆశీర్వాదం వైపు చూసిన మొహాలు ఆ రోజు చూడలేదు.

బయట, చెప్పులు విడిచిన చోట, బెంజమిన్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊకో. బతికున్నోళ్లకు అక్కరకొచ్చే పని గిది. చచ్చినోళ్లకు రోడ్డు పక్క జాగ దేనికిరా? ఒక మడిగె నీ స్టూడియోకే ఇప్పిస్త."

ఆశీర్వాదం ఆ చేతిని పట్టుకుని తీసేశాడు. చిన్నప్పుడు చీకట్లో తనను దగ్గరికి తీసుకున్న చెయ్యి అదే.

"మా అవ్వ మీద కూసొని నన్ను ఫొటోలు తియ్యమంటున్నవా? నీ అయ్య రాయి మీద కట్టరా మడిగె!"

బెంజమిన్ మొహం మాడిపోయింది. "నోరు జాగ్రత్త," అని స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు.

ప్రిస్కిల్లా పిలుస్తున్నా వినకుండా ఆశీర్వాదం ఎండలో నడుచుకుంటూ సమాధుల తోటకు పోయాడు. రాజం గేటు పక్కన కూర్చుని ఉన్నాడు. మీటింగ్ జరుగుతుంటే తలుపు దగ్గర నిలబడి అంతా విని, ఆయనకన్నా ముందే వచ్చాడు. గడ్డపార ఒళ్లో పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

ఆశీర్వాదం ఆయన పక్కన కూలబడ్డాడు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"మోసం జేసిండు రాజం. ఒక్క కంచంల తిన్నోడు నన్ను నిలువునా మోసం జేసిండు. రాయి ఏపిస్తనని ఆశ వెట్టి, నా చేతులతోనే మా అవ్వను లేకుండ చేయించిండు. వాన్ని ఎంత నమ్మిన్నో నీకు తెల్వదు."

రాజం అంతా విన్నాడు. ఆశీర్వాదం ఏడ్చి ఏడ్చి ఊరుకునేదాకా ఆగి, లేచి నిలబడ్డాడు.

"బెంజమిన్ సార్ మాట నేను ఎన్నడు నమ్మలే అన్నా," అన్నాడు. "నిన్ను నమ్మిన."

గడ్డపార భుజాన వేసుకుని రాజం మూలవైపు నడిచాడు. ఆశీర్వాదం లేవలేకపోయాడు.