కనకాంబరాల మడిలో నాలుగు తీగలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళు, బీయస్సీ ఫస్టు క్లాసు, రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం. ఇంత సరంజామా ఉన్న మనిషి ఇంకొకళ్ళ మాట ఎందుకు వింటుంది చెప్పండి? ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ వెంటనే, దాని చేతిలో గునపం లాక్కుని దూరంగా విసిరేసే మనిషి ఆ పూట పక్కన ఒక్కళ్ళూ లేకపోయారే అనిపిస్తుంది.

మా పిన్ని పోయిన రెండో నెలలో, ఆత్రేయపురం పక్క ఊళ్ళో ఉన్న బాబాయిగారి ఇంటికి అమ్మ నన్ను పంపింది. వాళ్ళకి పిల్లల్లేరు. "ఆయనకి వంట చేసిపెట్టే దిక్కు లేదు, నీకు కాలేజీ కూడా దగ్గరవుతుంది" అంది. రెండూ నిజం కావు. బస్సులో గంటకి పైనే పట్టేది. ఇక వంట సంగతంటారా, నేను వెళ్ళిన మూడో రోజున నా పప్పు రుచి చూసి, "బావుందమ్మా" అన్నారు బాబాయిగారు. మర్నాటి నుంచి ఆయనే వండడం మొదలుపెట్టారు. (పాపం, ఎవరినీ నొప్పించడం తెలియని మనిషి. నాకు ఆ విద్య పుట్టుకతోనే వచ్చు.)

ఆయన టెలిగ్రాఫు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ముందు గదిలో బల్లమీద హామ్ రేడియో సెట్టు ఉండేది. హామ్‌లంటే లైసెన్సు తీసుకుని, ఇంట్లో కూర్చునే సరదాగా దేశదేశాల వాళ్ళతో రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు. మాట్లాడడమంటే బాబాయిగారు నోటితో మాట్లాడేవారు కాదు. టెలిగ్రాఫు అలవాటు పోక, చిన్న ఇత్తడి కీ మీద వేలు ఆడిస్తూ చుక్కలూ గీతలుగా, మోర్సు భాషలో. అందుకే ఊళ్ళో ఆయన పేరు 'టకటక మాస్టారు'. రోజూ పొద్దున్న ఏడింటికి అండమాన్‌లో ఉన్న ఒకాయనతో ఈ టకటకలు నడిచేవి. పన్నెండేళ్ళ స్నేహం. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నది లేదు. పిన్ని జబ్బు పడి ఆస్పత్రుల వెంట తిరగడం మొదలయ్యాక ఆ మాటలు ఆగిపోయాయి. ఆ ఏడాదే గాలివానకి, యాంటెన్నా తీగ కట్టిన కొబ్బరిచెట్టు కూలిపోయింది. తీగ తీసి చుట్ట చుట్టి అటక మీద పెట్టేశారు. పిన్ని పోయిందన్న సంగతి అండమాన్‌కి చేరనేలేదు.

"ఆయన ఫోన్ నెంబరు లేదా మీ దగ్గర?" అని అడిగాను ఒకరోజు.

"రేడియోలో రోజూ మాట్లాడే మనిషిని ఫోన్ నెంబరు అడుగుతామేంటమ్మా, ఏమనుకుంటాడు?" అన్నారు. తర్వాత, "నేను ఉన్నానో పోయానో అని చూస్తూ ఉంటాడు" అన్నారు.

ఆ ఒక్క మాటకి నాలో శాస్త్రవేత్త నిద్రలేచింది. ఆయన పాత రేడియో పుస్తకం ఒకటి, జిరాక్సు ప్రతి, తీసుకుని బస్సులో చదివాను. చెట్లక్కర్లేదు, పెరటి మధ్య ముప్పై అడుగుల అల్యూమినియం గొట్టం నిలబెడితే అదే యాంటెన్నా. కాకపోతే ఒక తిరకాసు. పైకి కనిపించే గొట్టం సగమే. మిగతా సగం పని నేల చెయ్యాలి. అందుకని గొట్టం మొదట్నించి చుట్టూ బండిచక్రం ఆకుల్లాగా రాగి తీగలు పరవాలి. వాటిని రేడియల్స్ అంటారు. అవి లేకపోతే పవరంతా వానపాములకి వెచ్చదనం ఇవ్వడానికే సరిపోతుంది. పదహారు తీగలు, ఒక్కోటి ముప్పై అడుగులు. బాబాయిగారు విన్నారు. పిన్ని పోయాక ఆ ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆయన సైకిలు దుమ్ము దులిపి, మోటార్లకి వైండింగు కట్టే షాపుకెళ్ళి రాగి తీగ చుట్ట వేసుకొచ్చారు.

తవ్వడం నా వంతు. రోజూ కాలేజీ నుంచి రాగానే చున్నీ నడుముకి బిగించి గునపం పట్టేదాన్ని. లంక మట్టి మెత్తగానే ఉంటుంది, కానీ జానెడు తవ్వితే చాలు, నీరు ఊరిపోతుంది. మొదటి సాయంత్రమే కుళాయి గొట్టం పగలగొట్టాను. (రెండో సాయంత్రం, దానికి అతుకు వేసిన చోటే మళ్ళీ పగలగొట్టాను.) ప్రహరీ అవతల ఉండే ఆవిడ పూతరేకులు వేసేది. ఊరంతటికీ ఆవిడ రేకులత్తయ్య. బోర్లించిన కుండ మీద పిండిగుడ్డ ఇలా లాగి, పొరలాంటి రేకు అలా తీస్తూనే, గోడ మీంచి నన్ను ఒక కంట కనిపెడుతూ ఉండేది.

"ఆడపిల్లవి, గునపం పట్టావేంటే అమ్మాయ్? లంకెబిందెలు ఉన్నాయని ఎవరన్నా చెప్పారా?"

"రేడియల్స్ అత్తయ్యా. భూమిలో తీగలు."

"కరెంటు తీగలా!" అని ఆవిడ కుండ దగ్గర్నించి లేచి నిలబడింది. మర్నాడు పొద్దున్నే బాబాయిగారి దగ్గరకొచ్చి, "మాస్టారండీ, మీ తీగలు గోడ కిందనించి మా పొయ్యి దాకా వచ్చేశాయండి. నిన్నట్నించి రేకు తీస్తే చిరిగిపోతోందండి" అని ఫిర్యాదు చేసింది. ఇంకా ఒక్క తీగకి కూడా రేడియో తగిలించలేదని చెప్పినా నమ్మలేదు. బాబాయిగారు ఓపిగ్గా వెళ్ళి, పిండిలో చెయ్యి పెట్టి చూసి, "కొంచెం పలచనైందేమోనండి" అన్నారు. అదీ ఆయన పద్ధతి.

వారం తిరిగేసరికి పన్నెండు తీగలు భూమిలోకి వెళ్ళాయి. నాలుగు మిగిలాయి, తూర్పు వైపువి. తూర్పున పిన్ని కనకాంబరాల మడి ఉంది. జబ్బు బయటపడిన ఏడాది, ఆవిడ పీట వేసుకుని కూర్చుని తన చేత్తో నాటిన మొక్కలు. బాబాయిగారు తప్ప ఆ మడిలో ఎవరూ అడుగు పెట్టేవారు కాదు. ఆదివారం పొద్దున్నే పూలు కోసి అరిటాకులో చుట్టుకుని చర్చికి వెళ్ళేవారు. ఆరాధన అయ్యాక పిన్ని సమాధి మీద ఆ పూలు పెట్టి వచ్చేవారు.

"పన్నెండు చాల్లేమ్మా. అటు వద్దు" అన్నారు.

"అండమాన్ అటే కదా బాబాయిగారూ! అటు తీగల్లేకపోతే సిగ్నలు ఎలా వెళ్తుంది? పుస్తకంలో చుట్టూ సమానంగా ఉండాలని రాసుంది."

"చూద్దాంలే" అన్నారు. అంటే వద్దని. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగి కూడా నాకు ఆ మాట అర్థం కాలేదు. కాదు, ఇన్నేళ్ళకి అబద్ధమెందుకు, అర్థమైంది. ఆయన మొహమాటపడుతున్నారు, చేసేస్తే తర్వాత సంతోషిస్తారు అనుకున్నాను. అండమాన్ నుంచి జవాబు వస్తే ఆయన మొహం ఎలా వెలుగుతుందో ముందే చూసేసుకున్నాను.

ఆ ఆదివారం తలనొప్పి అని చర్చి ఎగ్గొట్టాను. ఆయన తెల్లబట్టలు కట్టుకుని, పూలు కోసుకుని వెళ్ళారు. గేటు పడిన చప్పుడు వినగానే గునపం తీశాను. మొక్కల్ని వేర్లతో సహా జాగ్రత్తగా తీసి పక్కన వరసగా పెట్టి, కాలవ తవ్వి, తీగ వేసి, పూడ్చి, మళ్ళీ ఎక్కడివక్కడ నాటేద్దామని నా పథకం. ల్యాబులో అయితే దీన్ని ప్రొసీజరు అంటాం. కానీ కనకాంబరాల వేర్లు ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోయి ఉన్నాయి. ఒక మొక్క లాగితే మూడు కదిలాయి. తొమ్మిదిన్నరకల్లా ఎండ ముదిరింది. వరసగా పెట్టిన మొక్కలు తలలు వాల్చేశాయి. గోడ మీద రేకులత్తయ్య తల కనిపించింది. ఆవిడ ఈసారి లంకెబిందెల మాట ఎత్తలేదు. "ఏం పని చేశావే తల్లీ" అంది, అంతే.

బాబాయిగారు వచ్చేసరికి నాలుగు కాలవలూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నేను గబగబా చెప్పుకుపోయాను. మళ్ళీ నాటేస్తాను, సాయంత్రానికి తేరుకుంటాయి, తూర్పు వైపు సిగ్నలు రెట్టింపవుతుంది... ఆయన చేతిలోని బైబిలు అరుగు మీద పెట్టారు. బట్టలు కూడా మార్చుకోకుండా, తెల్లపంచెతోనే బురదలో కూర్చున్నారు. ఒక్కో మొక్కనీ తీసి, విరిగిన వేరు గోటితో గిల్లి, మట్టి కప్పడం మొదలుపెట్టారు. నేను సాయం చెయ్యబోతే "నువ్వు నీళ్ళు పట్టుకురా" అన్నారు. రేకులత్తయ్య పొయ్యి ఆర్పేసి, బిందెతో నీళ్ళు మోసుకుని గేటు తీసుకుని వచ్చేసింది. మధ్యాహ్నం దాకా ముగ్గురికీ అదే పని. తిడితే బావుండేది. తిట్టలేదు. చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి, చారు కాచి, "అన్నానికి రామ్మా" అని పిలిచారు. నేను నూతి గట్టు వెనక కూర్చుని ఏడుస్తున్నాను, రాలేకపోయాను. పళ్ళెంలో కలిపి అక్కడికే తెచ్చిపెట్టారు.

సాయంత్రం ఆ జిరాక్సు పుస్తకం తీసి చాలాసేపు చదువుకున్నారు. తర్వాత నన్ను పిలిచి ఒక చోట వేలు పెట్టి చూపించారు. నేను వల్లె వేసిన పేజీకి అవతలి పేజీ. తీగలు పాతిపెట్టక్కర్లేదు, గడ్డి మీద పరిచి వంచిన తీగ ముక్కలతో గుచ్చితే చాలు, కొన్ని వారాలకి గడ్డే కప్పేస్తుంది అని రాసి ఉంది.

"పేజీ తిప్పలేదా అమ్మా?" అన్నారు.

ఆ మొత్తం వ్యవహారంలో ఆయన నన్నన్న మాట అదొక్కటే. కుళాయి గొట్టం, అరచేతుల్లో బొబ్బలు, వారం రోజుల తవ్వకం, ఆ మడి, అన్నీ ఒక్క పేజీ తిప్పనందుకు.

మూడు రోజుల తర్వాత, కాలేజీ నుంచి వచ్చేసరికి ఆయన మడి దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు. మిగిలిన నాలుగు తీగలూ మొక్కల మధ్య నుంచి, ఒక్క మొక్కనీ తాకకుండా, నేలమీద పరిచి ఉన్నాయి. పక్కన పాత పౌడరు డబ్బా ఉంది. దాన్నిండా పిన్ని కొప్పు పిన్నులు, రెండు కాళ్ళ నల్లటివి. అవి ఒక్కోటీ తీసి తీగ మీద పెట్టి బొటనవేలితో మట్టిలోకి నొక్కుతున్నారు.

"బాబాయిగారూ, అవి..."

"సరిగ్గా సరిపోయాయమ్మా" అన్నారు. "ఊరికే ఉన్నాయిగా." నాకూ గుప్పెడు ఇచ్చారు. రెండో తీగ నేను గుచ్చాను. తల వంచుకుని గుచ్చడం వల్ల నా మొహం ఆయనకి కనబడలేదు, అదొక్కటే నయం. మొక్కల్లో సగం చచ్చిపోయాయి. సగం బతికాయి.

గొట్టం నిలబెట్టిన మర్నాడు పొద్దున్న ఏడింటికి ఆయన కీ ముందు కూర్చున్నారు. పక్కన నేను కాగితం, పెన్సిలు పెట్టుకుని, వచ్చీరాని మోర్సుతో. ఆయన పిలిచారు. బరబరమనే చప్పుడు తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ పిలిచారు. నాలుగోసారి పిలిచాక, ఆ బరబర అడుగు నుంచి సన్నగా, పిచ్చుక అరిచినట్టు జవాబు. బాబాయిగారి మొహం వెలిగిపోతుందని కదా నేను అనుకున్నది. వెలగలేదు. కళ్ళు మూసుకున్నారు. వేలు కదలడం మొదలైంది, చాలాసేపు కదిలింది. నా కాగితం మీద 'భార్య' అన్న మాట పడింది, తర్వాత రెండు మూడు మాటలు నాకు అందలేదు, తర్వాత 'ఇల్లు', తర్వాత 'చప్పుడు లేదు'. ఎనిమిది నెలల్లో మా అమ్మతోగానీ, చర్చిలో అయ్యగారితోగానీ, నాతోగానీ అనని మాటలు. నేను పెన్సిలు కింద పెట్టేశాను. నాకు వినే హక్కు లేదనిపించి, కాఫీ కలపడానికి లేచి వెళ్ళిపోయాను. (ఆ కాఫీ మాత్రం ఆయన తాగారు, మొత్తం.)

ఆ తర్వాత బాబాయిగారు నాలుగేళ్ళు ఉన్నారు. ఆ నాలుగేళ్ళూ ఏడింటి టకటకలు ఆగలేదు. నన్ను కూర్చోబెట్టి మోర్సు నేర్పించి, పరీక్ష రాయించి, లైసెన్సు తెప్పించారు. నా చెయ్యి మాత్రం ఎడ్లబండి నడక. పోయేముందు జ్వరంలో పడుకుని కూడా నేను కీ కొడుతుంటే గదిలోంచి తప్పులు దిద్దేవారు. ఆయన్ని పిన్ని పక్కనే పెట్టి వచ్చిన మూడో రోజున, పొద్దున్న ఏడింటికి, నేను ఒక్కదాన్నే ఆ కుర్చీలో కూర్చున్నాను. అండమాన్ ఆయనకి చెప్పాల్సింది నేనే.

చెప్పాల్సిన రెండు వాక్యాలూ ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాను. కానీ కీ మీద వేలు పెట్టగానే నడక తప్పింది. చుక్కలు ఎక్కువైపోయాయి, గీతలు ముక్కలైపోయాయి. ఆయన మర్యాదగా, అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ పంపాను. ఇంకా పాడుచేశాను. మళ్ళీ చెప్పమన్నాడు. చచ్చిపోయారు అన్న మాట ఒకసారి చెప్పడానికే గుండె చాలక కూర్చున్నదాన్ని, నా చేతకాని చెయ్యి పుణ్యమా అని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. మూడోసారికి ఆయనకి తెలిసింది. అప్పుడు మొదలుపెట్టాడు. బాబాయిగారితో ఝరిలా మాట్లాడే మనిషి, ఒక్కో అక్షరం మధ్య ఊపిరి పీల్చుకునేంత ఖాళీ వదులుతూ, నా నడకకి తన నడక తగ్గించుకుని, "నెమ్మదిగా పంపు. నాకు తొందర లేదు. రేపు కూడా ఉంటాను" అన్నాడు.

ఉన్నాడు. మర్నాడూ, ఆ మర్నాడూ. ఏడూ పదికి నా బస్సు. ఆ నెలలో ఎన్నిసార్లు తప్పిపోయిందో నాకే తెలియదు. ప్రిన్సిపాలుగారు పిలిచి, "ఏంటమ్మా, రోజూ ఆలస్యం, ఇంట్లో ఏమన్నా ఇబ్బందా?" అని అడిగితే, "లేదండి, మాట్లాడుతుంటే టైము తెలియడం లేదండి" అన్నాను. ఆయన నాకు సంబంధం కుదిరిందనుకుని, ముసిముసిగా నవ్వి పంపించేశారు.