కృపావతి మేడం కట్టిన చల్లని గది

తడి సున్నం వాసన వస్తే చాలు, నాకు కృపావతి మేడం గుర్తొస్తారు. మొన్న ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందు, మేం కొత్తగా చేరిన ఇంటి మిద్దె మీద సున్నం కొడుతున్నాను. బకెట్లో సున్నం ఇంకా వెచ్చగానే ఉంది. ఒంటి మీది చొక్కాను నీళ్లలో ముంచి తొడుక్కుని, తలకు తడి తువ్వాలు చుట్టుకున్నాను. నా భార్య లావణ్య మజ్జిగ గ్లాసుతో మెట్లెక్కి వచ్చి, తెల్లగా మెరుస్తున్న మిద్దెనూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఈ పొద్దు ఏసీ కొనేకి పోదామంటివి. ఈ సున్నమేంటికి?" అంది.

"ముందు ఇది కానీ. ఇది ఆరినాక అంగడికి పోదాం."

"ఎవురు చెప్పినారు నీకు ఇట్ల?"

"మా ఎదురింటి మేడం," అన్నాను. లావణ్య ఆమెను చూడలేదు. మా పెళ్లి నాటికే ఆమె లేరు. ఆ మధ్యాహ్నం లావణ్యకు చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు చెమట పట్టదు. పుట్టుకతోనే నా ఒంట్లో చెమట గ్రంథులు లేవు. జుట్టు పలచన, పళ్లు తక్కువ, ఉన్నవీ మొన తేలి ఉంటాయి. మిగతా అందరికీ ఎండలో ఒళ్లు తడిసి, గాలికి ఆరి చల్లబడుతుంది. నాకు మాత్రం వేడి లోపలే నిలిచిపోతుంది. ఇది చలిప్రాంతంలో పుట్టినవాడికి పెద్ద చిక్కు కాకపోవచ్చు. నేను పుట్టింది అనంతపురంలో. మాఘమాసం వెళ్లిందో లేదో బండలు కాలడం మొదలుపెట్టే ఊళ్లో.

మా నాయన బస్సు డిపోలో మెకానిక్కు. మాది నాపబండల మిద్దె. పగలంతా ఆ బండలు ఎండను తాగి, సాయంత్రానికి మా మీదకు కక్కేవి. మా అమ్మ నాకు గంటకోసారి తడిబట్టతో ఒళ్లు తుడిచేది. తుడిచేందుకు నీళ్లయినా దండిగా ఉండేవా అంటే, మా వీధికి కొళాయి నీళ్లు రోజూ వచ్చేవి కావు. వచ్చిన రోజు బిందెలన్నీ నింపుకుని, మళ్లీ వచ్చేదాకా చూసి చూసి వాడుకోవాలి.

కృపావతి మేడం మా ఎదురింట్లో ఉండేవారు. ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. పొడుగు మనిషి. గంజి పెట్టిన నేత చీరలు కట్టి, స్కూటీ మీద వీపు నిటారుగా పెట్టుకుని పోయేవారు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చిలో ఆమె గొంతు అందరికంటే గట్టిగా వినిపించేదని వీధిలో చెప్పుకునేవారు. మాట కరుకు. పిల్లలమంతా ఆమె గేటు ముందు ఆడుకోవడానికి జంకేవాళ్లం.

నేను మూడో తరగతిలో ఉండగా, ఒంటిపూట బడుల కాలంలో, బడి వదిలాక మిగతా పిల్లలతో పాటు పరుగెత్తాను. పరుగెత్తకూడదని అమ్మ చెప్పిన మాట గుర్తు లేక కాదు. అందరూ పరుగెత్తుతుంటే నడవడం చేతకాలేదు, అంతే. వీధి మలుపు తిరిగాక కళ్లు బైర్లు కమ్మాయి. మేడం గేటు దగ్గర పడిపోయాను. కళ్లు తెరిచేసరికి ఆమె వరండా అరుగు మీద ఉన్నాను. ఒంటి మీద చొక్కా లేదు. ఆమె ఒక బిందె నీళ్లు నా మీద కుమ్మరించి, రెండో బిందె ఎత్తుతున్నారు. అవి తాగే నీళ్లు. అమ్మ పరుగెత్తుకొచ్చి, నన్ను చూసి, ఖాళీ బిందె చూసి, "అయ్యో అక్కా, నీళ్లన్నీ..." అంది.

"నీళ్లు రేపు కాకుంటే ఎల్లుండి వస్తాయిలే. పట్టుకో ఈ అట్టను, ఇసురు," అన్నారు మేడం. పరీక్ష అట్టలతో అమ్మ ఒకవైపు, ఆమె ఒకవైపు విసురుతూ కూర్చున్నారు.

ఆ వారంలోనే బెంగళూరు నుంచి మా మేనమామ వచ్చాడు. అక్కడి పెద్దాసుపత్రిలో నన్ను చూపించింది ఆయనే. ఒళ్లు చల్లగా ఉంచుకుంటే వీడు అందరిలాగే బతుకుతాడని డాక్టరు చెప్పాడు. సాయంత్రం కాఫీలు తాగుతూ మామ అన్నాడు: "బావా, పిల్లోణ్ణి నాతో పంపించు. ఆడ సల్లగుంటాది. బడి కూడా పక్కనే. మా ఇంట్లో పెరుగుతాడు."

నాయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "సరే" అన్నాడు. అమ్మ లోపలికి వెళ్లి, దండెం మీది నా బట్టలు మడత పెట్టసాగింది. మామ మంచివాడే. అయినా నాకు ఆ మడతలు చూడబుద్ధి కాలేదు. నేను వెళ్లి గడప మీద కూర్చున్నాను.

నాకు ఎలా ఉందో కనుక్కుందామని మేడం అప్పుడే వచ్చారు. సంగతి తెలిసి గుమ్మంలోనే నిలబడిపోయారు.

"పంపుతాండారా బిడ్డను?" అని అడిగారు నాయనను.

"ఏం చేయల్ల మేడం. కూలర్ పెడితే దానికి పోసేకి నీళ్లు యాడివి? ఏసీ పెడితే కరెంటు బిల్లు కట్టేకే నా బతుకు సరిపోతాది. ఈ మిద్దె కింద అది పొద్దంతా ఆడినా సల్లబడదు."

"అది నిజమే. ఈ మిద్దె కింద సల్లబడదు." మేడం లోపలికి వచ్చి, పడమటి గోడ మీద అరచేయి ఆనించి చూశారు. తర్వాత ఉత్తరపు గోడ మీద. "ఒక్క ఎండాకాలం నాకియ్యప్పా. అది గడిచినాక కూడా కాదంటే, నేనే బస్సెక్కిస్తా."

నాయన మామ వైపు చూశాడు. మామ తల ఊపాడు. అమ్మ మడత పెట్టిన బట్టలు పెట్టెలో పెట్టింది గాని, పెట్టె మూత వేయలేదు.

ఆ మర్నాటి నుంచి ఆమె కాలేజీ నుంచి వస్తూనే మా ఇంటికి వచ్చేవారు. చేతిలో ఒక థర్మామీటరు. ఒక్కో గదిలో దాన్ని తగిలించి, చదవడం నాకు నేర్పించారు. "నువ్వే చూసి చెప్పల్ల. ఉండేది నువ్వు," అనేవారు. నా గురించి పెద్దవాళ్లు మాట్లాడుకోవడమే గాని, నన్ను అడగడం అంతకుముందు ఎరుగను. ఏ గది ఎప్పుడు ఎంత కాగుతుందో కనిపెట్టడం నా పని అయింది. ఎండను తిట్టుకుంటూ కూర్చునే పిల్లవాణ్ణి, దాని రాకపోకలు గమనించే పిల్లవాణ్ణయ్యాను.

చివరికి మేం ఎంచుకున్నది సామాన్లు పడేసే ఈశాన్యపు చిన్న గది. పడమటి ఎండ దాని దరిదాపులకు రాదు. పాత డబ్బాలు, వేరుశనగ మూటలు తీసేసి కడిగాం. ఆదివారం నాయన మిద్దె మొత్తానికి సున్నం కొట్టాడు, ఒక పూత ఆరాక ఇంకొక పూత. పడమటి గోడకు బయట జొన్నదంటు తడకలు కట్టాం. వాకిలి కింద సందుకు ఏం చేయాలా అని మేడం ఆలోచిస్తుంటే, నాయన పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసి తలుపు అంచుకు బిగించాడు. తలుపు వేస్తే గాలి పోదు, చీమ దూరదు.

"ఇది నాకు తోచలేదప్పా," అన్నారు మేడం. నాయన ముఖం వెలిగిపోయింది. అంతవరకూ ఆమె చెప్పినట్టు చేస్తూ వచ్చిన మనిషి, ఆ రోజు నుంచి తానే ముందుండి చేయసాగాడు. ఏసీ ఇంకా రాకముందే ఆ గది మిగతా ఇంటికంటే ఎంత చల్లబడిందో థర్మామీటరులో చూసి చెప్పింది నేనే. అమ్మ నమ్మక, రెండుసార్లు చదివించింది.

ఇక ఈ ఒక్క గదికి చిన్న ఏసీ చాలని మేడం తేల్చాకే అంగడికి వెళ్లాం. క్లాక్ టవర్ దగ్గరి ఒక అంగడిలో వరసగా ఏసీలు పెట్టి ఉన్నాయి. అంగడాయన పెద్దదాని మీద చేయి వేశాడు.

"మన అనంతపురం ఎండకు చిన్నది యాడ సాలుతాది మేడం? పెద్దది తీసుకోండి, నిమిషంలో ఫ్రిజ్జు మాదిరి అయిపోతాది."

"మా గది చిన్నదన్నా. దానికి ఇంత పెద్దది పెడితే ఊరికే ఆగుతా, మొదలవుతా ఉంటాది. కరెంటు దండగ. చిన్నదాంట్లో నక్షత్రాలెక్కువ ఉండేది చూపించు."

అప్పట్లో ఏసీల మీద నక్షత్రాల కాగితాలు అంటించడం కొత్త. నక్షత్రాలు ఎన్ని ఎక్కువుంటే అంత తక్కువ కరెంటు తాగుతుందని అప్పుడే మొదటిసారి విన్నాను. అలాంటిది ఒకటి మూలన ఉంది. ధర ఎక్కువని ఎవరూ అడగడం లేదని అంగడాయన చెప్పాడు. నాయన వెనకాడాడు. ఆమె ఆయన్ను పక్కకు పిలిచారు.

"చుట్టాలొచ్చినప్పుడు వేసుకునేకి అయితే ఏదైనా ఒకటే. మీరు పొద్దంతా వేయల్ల, ఏండ్ల తరబడి వేయల్ల. బిల్లు చూసి భయపడి ఒక్క పూట ఆపినా బిడ్డకు కష్టం. బిల్లొచ్చినప్పుడల్లా ఆపేసే ఏసీ కాదు మనకు కావల్సింది. ఆపే పనే పడనిది కావల్ల."

నాయన జేబులోంచి డబ్బు తీసి లెక్కపెట్టి ఇచ్చాడు. ఆటోలో దాన్ని ఇంటికి తెచ్చేటప్పుడు, డబ్బా కదలకుండా దాని మీద చేయి వేసి పట్టుకుని కూర్చున్నాడు.

ఆ ఎండాకాలం మా చిన్నగది వీధి గది అయింది. మొదట్లో "మెకానిక్కు ఇంట్లో ఏసీ అంట" అని నవ్వినవాళ్లే, మధ్యాహ్నాలు పిల్లల్ని పంపేవారు. వాళ్లతో కలిసి నేను నేల మీద పడుకుని బొమ్మలు గీసేవాణ్ణి, అష్టాచెమ్మా ఆడేవాణ్ణి. పరుగెత్తలేనివాణ్ణని నన్ను ఆటలో చేర్చుకోని వాళ్లే, నా గదిలో నా పక్కన చోటు కోసం పోట్లాడుకునేవారు. మేడం పెట్టిన నియమం ఒక్కటే, వచ్చినా పోయినా వెంటనే తలుపు మూయాలి. ఎవరైనా మరిచిపోతే అందరం ఒక్క గొంతుతో "తలుపు" అని అరిచేవాళ్లం.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. నాయన డ్యూటీలో ఉన్నాడు. అమ్మ తువ్వాలు తడిపి తెచ్చింది. కబురు వెళ్లిందో, తనకే తోచిందో, మేడం కాలేజీ నుంచి స్కూటీ మీద వచ్చి, గదిలోకి దూరి తలుపు మూసేశారు.

"ఎవరూ తెరవద్దండి. సల్లదనం యాడికీ పోదు," అని నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నారు. నా వీపు మీద తడి తువ్వాలు వేశారు. అమ్మ నా పక్కన కూర్చుని థర్మామీటరు వంకే చూస్తోంది. బయట వీధి కాలిపోతోంది. గదిలో పాదరసం పాకుతోంది గాని, నత్తలా పాకుతోంది. తెల్ల మిద్దె, తడకలు, నాయన బిగించిన ట్యూబు, అన్నీ కలిసి ఆ కాస్త చల్లదనాన్ని పట్టి ఉంచాయి. మాకు పొద్దు పోవాలని ఆమె చిన్నప్పటి మడకశిర కబుర్లు చెప్పారు, గొర్రెల మందలు నడి ఎండలో ఒకదాని నీడలో ఒకటి తల దాచుకుని నిలబడడం గురించి. వింటూ వింటూ నేను అడిగాను.

"మేడం, మీ ఇంట్లో ఏసీ ఏంటికి లేదు?"

"నాకు చెమట పడతాది కదప్పా," అన్నారామె.

అమ్మ ఉలిక్కిపడి నా ముఖం చూసింది. నాకు నవ్వొచ్చింది. ఇంట్లో ఎవరూ ఆ మాట నా ఎదుట ఎత్తేవారు కాదు. ఆమె మాత్రం, నువ్వు ఎడమచేతి వాటం, నేను కుడిచేతి వాటం అన్నంత మామూలుగా అనేశారు. నా నవ్వు చూసి అమ్మ కూడా నవ్వింది. ఆ రోజు తర్వాత మా ఇంట్లో నా జబ్బు గురించి గుసగుసలు లేవు. పొద్దు వాలాక కరెంటు వచ్చింది. అప్పటికి నేను అమ్మ ఒడిలో హాయిగా నిద్రపోయానట.

తొలకరికి మామ మళ్లీ వచ్చాడు. గదిలో కాసేపు కూర్చుని, నా బుగ్గలు చూసి, "వీడు ఈడ్నే బాగుండాడు బావా" అన్నాడు. ఆయన బస్సెక్కకముందే అమ్మ పెట్టెలోంచి నా బట్టలు తీసి మళ్లీ దండెం మీద వేసింది.

మేడం రిటైరయ్యాక మడకశిరలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చినప్పుడు వెళ్లి చెప్పాను. బెంగళూరు కోరుకునే వీలున్నా అనంతపురమే కోరుకున్నానని విని, కళ్లద్దాల మీదుగా చూశారు.

"ఆడ సల్లగుంటాది కదప్పా."

"ఈడ ఉండేది నేర్చుకున్న్యాను కదా మేడం."

ఆమె చెల్లెలిని పిలిచి నాకు ఇంకో రెండు బెల్లం ఓళిగలు వడ్డించమన్నారు. ఆ తర్వాతి వానాకాలంలో, నాలుగు రోజుల జ్వరంతో పోయారు. ఆమెను పూడ్చిన చర్చి వెనక మట్టి వానలకు అప్పటికే మెత్తబడి ఉంది. మా నాయన అంతసేపు ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

మొన్నటి ఆదివారం సాయంత్రం, మిద్దె సున్నం ఆరాక, నేనూ లావణ్యా వెళ్లి ఏసీ ఎంచుకున్నాం. గది కొలతలు, కిటికీల దిక్కులు చెప్పి, గదికి సరిపడేది, గది చల్లబడ్డాక తనంతట తానే వేగం తగ్గించుకునేది, నక్షత్రాలు నిండుగా ఉన్నది తీసుకున్నాం. ఆఫీసులో ఎవరు ఏసీ కొంటున్నామన్నా, నేను ఇప్పటికీ ముందు వాళ్ల ఇంటికి వెళ్లి గోడల మీద చేయి పెట్టి చూసి వస్తాను. వాళ్లు నవ్వుకుంటారు, తర్వాత మిద్దెకు సున్నం కొట్టిస్తారు. ఏ కష్టం వచ్చినా, భయపడేముందు అది ఏ వైపు నుంచి వస్తోందో చూసుకోవడం నాకు అలవాటయింది. ఆ అలవాటు ఆమెది.

మర్నాడు ఏసీ బిగించే మనిషి గోడకు రంధ్రం వేస్తుండగా మా పాప వీధిలో ఆడి ఆడి లోపలికి పరుగెత్తుకొచ్చింది. ముక్కు మీద, పై పెదవి మీద చెమట బొట్లు. నుదుటి జుట్టు తడిసి అతుక్కుపోయింది. దానికీ నాలాగే చెమట పట్టదేమోనని పుట్టినప్పుడు మేం ఎంత భయపడ్డామో లావణ్యకు తెలుసు. ఆమె ఆ చెమట తుడవబోయి, నన్ను చూసి ఆగింది. నేను పాపను వాకిట్లో గాలి తగిలేచోట ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. సాయంత్రపు గాలికి ఆ చెమట మెల్లగా ఆరింది. అది ఆరేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.