బొమ్మకు మా ఇంటి గుట్టు చెప్పిందెవరు?

మా తనకల్లు వైపు తోలుబొమ్మలాటలో అర్ధరాత్రి దాటగానే రామాయణం కాసేపు ఆగేది. రాముడూ రావణుడూ పక్కకు తప్పుకుంటే తెర మీదికి బొజ్జబొమ్మ వచ్చి ఊరి కబుర్లు మొదలుపెట్టేది. దాన్ని ఆడించే పెద్దాయన పగలంతా నోట్లో నాలుక లేని మనిషి. తెర వెనక కూర్చుంటే మాత్రం కరణాన్నీ మునసబునూ కూడా వదిలేవాడు కాదు. బొమ్మ మాటకు కోపం తెచ్చుకుంటే నవ్వులపాలే. ఇన్ని ఊళ్ల గుట్లు ఈయనకెలా తెలుస్తాయబ్బా అని నాకు ఒకటే ఆరాటం.

నాకు పదేళ్లప్పుడు, విత్తనానికి దాచిన శనక్కాయలను అడక్కుండా మా మేనమామకు ఇచ్చేసిందని అమ్మతో నాయన మాటలు మానేశాడు. నాలుగు నెలలు! "పాపా, సంగటి పెట్టమని చెప్పు మీయమ్మకి" అనేవాడు. ఆమె మూరెడు దూరంలోనే ఉండేది. నాకు ఒళ్లు మండేది. అమ్మ చాటుగా కళ్లొత్తుకునేది. ఆయన ఒక్కసారి నేరుగా పిలిస్తే చాలని ఆమె ఆశ.

ఆ ఏడు ఆటలో బొజ్జబొమ్మ పెళ్లాంతో మాట్లాడలేదు. మధ్యలో మేకను నిలబెట్టింది.

"మేకా, సంగటి పెట్టమని చెప్పు దానికి."

"మేకా, ఆయప్ప యాడుండాడో నాకు కనపళ్లేదని చెప్పు!"

చివరికి మేక విసుగెత్తి ఇద్దరినీ కుమ్మింది. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నాయనా నవ్వాడు. ఆట ముగిశాక ఆడవాళ్ల వైపు వచ్చి, "ఏమే, లెయ్, ఇంటికి పోదాం" అన్నాడు. అమ్మ లేచింది.

మర్నాడు నా వీపు చిట్లింది. ఇంటి గుట్టు బజార్న పెడతావా అని అమ్మ బాదింది. నేను కాదు మొర్రో అన్నా వినలేదు. మరి ఎవరు చెప్పినట్టు?

పెద్దాయన పోయాక ఆయన కొడుకు ఆ వేళకు సినిమా పాటలు పెట్టాడు. పెద్దమనుషుల్ని మొహం మీద అడిగేవాళ్లే లేకుండా పోయారు. కొన్నాళ్లకు నాయన కూడా పోయాడు. ఒకరోజు కదిరి సంతలో, పెళ్లాంబొమ్మకు గొంతిచ్చిన పెద్దాయన భార్య కనిపిస్తే అడిగేశాను.

"ఇంకెవురమ్మా, మీ నాయనే! ఆటనాడు పొద్దున్నే వచ్చి మా ఆయప్ప చేతులు పట్టుకున్యాడు. ఎట్ల పలకరించేదో తెలీడంల్యా, నువ్వే ఏదన్నా చెయ్యి సామీ అన్యాడు."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. రాగులు చెరుగుతున్న చేట కింద పెట్టేసింది.

"నన్ను జూసి బయపడినాడా ఆ మనిషి?" అంది.

నాయన పోయిన రోజు కూడా అమ్మ అంతగా ఏడవలేదు.