వర్కిచ్చన్ మాయం చేసిన పసుపు పట్టీ

కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి వర్కిచ్చన్‌కు తెల్లటి కంప్యూటర్ తెర సరిపడేది కాదు. కానీ అతని ఉద్యోగమంతా ఆ తెర ముందే. కొండల్లో ముల్లంకుట్టి ఆనకట్ట కంట్రోల్ రూములో కూర్చుని నీటిమట్టం చూస్తూ ఉండాలి. వెనకటి రోజుల్లో గొడుగు వేసుకుని వెళ్లి, ఆనకట్ట గోడ మీద పెయింటు వేసిన అంకెలు చూసి వచ్చేవాడు. కంప్యూటర్ వచ్చాక గొడుగు మూలన పడింది.

నీటిమట్టం చూపే ప్రోగ్రాము రూపాన్ని ఎవరి ఖాతాలో వాళ్లు మార్చుకోవచ్చని అతను తనంతట తానే కనిపెట్టాడు. సొంత ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే పేరుతో ఒక ఫైలు దాగి ఉంటుంది. అందులో ఎలా రాస్తే ప్రోగ్రాము అలాంటి వేషం వేస్తుంది. తెరకు కాఫీ గింజ రంగు, అంకెలకు యాలకుల పచ్చ పెట్టుకున్నాడు. పైన “కొత్త వెర్షన్ వచ్చింది” అంటూ రోజూ వేలాడే పసుపు పట్టీ మాత్రం కంట్లో నలుసులా మిగిలింది. దాని ఎత్తు సున్నా అని ఒక వరుస రాశాడు. పట్టీ మాయమైంది.

చూసినవాళ్లంతా తమకూ కావాలన్నారు. అన్నయ్య అనే అర్థంలో అతన్ని ‘చేట్టా’ అని పిలిచే పక్క షిఫ్టు శోశమ్మయితే, మా ఇంటి గోడలకూ మీరే రంగులు వేసి పెట్టండని ఆటపట్టించింది. వర్కిచ్చన్ మురిసిపోయి అందరి ఖాతాల్లోనూ తన ఫైలే పెట్టాడు.

వేసవిలో కొత్త వెర్షన్ వేశారు. అతని రంగులు చెక్కుచెదరలేదు. నీళ్లలో ఉండి మట్టం కొలిచే మీటరు పాడైతే ఇకమీదట ప్రోగ్రామే చెబుతుందని ఇంజనీరు చెప్పి వెళ్లాడు. ఎక్కడ చెబుతుందో ఎవరూ అడగలేదు.

వానలు ముదిరే కర్కాటక మాసంలో ఆ రోజు అతనికి సెలవు. తెల్లవారినప్పటి నుంచి వాన ఆగలేదు. మధ్యాహ్నం కర్రపెండలం, చేపల కూర ముందు కూర్చుని పెరట్లోకి చూశాడు. వాగు బట్టలుతికే రాయిని మింగేసింది. ఆనకట్ట దిగువన, ఏటి ఒడ్డునే కూతురు జెస్సమ్మ ఇల్లు. చేయి కడుక్కోకుండానే, డ్యూటీలో ఉన్న శోశమ్మకు ఫోన్ చేశాడు.

“నీళ్లెంత ఉన్నాయి?”

“పొద్దున ఎంతో ఇప్పుడూ అంతే, చేట్టా. కదల్లేదు.”

“ఇంత వానకా?”

“మన ఆనకట్టా మీలాగే. ఎంత పోసినా నిండదు.”

అతను నవ్వలేదు. వేళ్లకంటిన కూర ఆరిపోతోంది. ప్రోగ్రాము ఏం చెప్పినా తను మాయం చేసిన ఆ పట్టీలోనే చెబుతుంది.

“శోశమ్మా, నా ఫైలు తీసెయ్. ప్రోగ్రాము మూసి మళ్లీ తెరువు.”

అది ఎక్కడుందో, ఏం నొక్కాలో ఒక్కొక్కటే చెప్పాడు. తెర తెల్లబడి కళ్లు పోతున్నాయని ఆమె విసుక్కుంది.

“పైన పసుపు పట్టీ ఒకటి వచ్చింది. మీటరు పలకడం లేదట, చేట్టా. ఇక్కడ కనబడేది నిన్నటి అంకెట.”

గోడ మీది అంకెలు చూసి రమ్మన్నాడు. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి పరుగెత్తింది. తలుపు తెరుచుకున్న చప్పుడు, వెంటనే హోరు. ఈలోగా భార్య ఫోన్ లాక్కుని జెస్సమ్మకు కలిపాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

శోశమ్మ రొప్పుతూ వచ్చింది.

“అంకెలు కనబడడం లేదు, చేట్టా.”

“వాన అడ్డమా?”

“కాదు. అన్నిటికన్నా పైనుండే అంకె కూడా నీళ్లలోనే ఉంది.”

రెండో చెవి దగ్గర జెస్సమ్మ ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.