సగం సంచి

పసుపు ఉడుకుతున్న వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ నాలుగో తరగతే గుర్తొస్తుంది. మా సర్కారు బడిలో బెంచీలు లేవు. కూర్చోవడానికి ఎవరి గోనె సంచి వాళ్లే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. ఆర్మూర్ చుట్టుపక్కల గోనె సంచి అంటే పసుపు నింపి దులిపిందే. అందుకే మా ఆడపిల్లల నీలం లంగాలన్నీ వెనక పచ్చగా ఉండేవి. అమ్మ ఎంత ఉతికినా ఆ పచ్చ పోయేది కాదు, తిట్లు మాత్రం నాకే.

ఆ ఏడు మా తాత చేలో పసుపు తవ్వి ఉడకబెట్టడానికి నాందేడ్ వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్లమ్మాయిది నా ఈడే. మా అమ్మ ఆ పిల్లను నాతోపాటే బడికి పంపింది. ఆ పిల్లకు సంచీ లేదు, తెలుగూ రాదు. సారు నా సంచి వైపు చూపించాడు. నాకు ఒళ్లు మండింది. చాక్‌పీసుతో సంచి మధ్యలో గీత గీశాను. మోకాలు గీత దాటితే గిల్లేదాన్ని. తనూ గిల్లేది, నాకంటే గట్టిగా. వారం తిరక్కుండానే గీత చెరిగిపోయింది. తన జొన్నరొట్టె నేను, నా పప్పన్నం తను తినేవాళ్లం. ఒకే కంచం, ఒకే మంచం అంటారు కదా, మాది ఒకే సంచి. పని అయిపోయి వెళ్లేటప్పుడు వచ్చే ఏడు మళ్లీ పసుపుకు వస్తానంది.

ఈలోగా దుబాయ్ నుంచి నాన్న పైసలు పంపడం మొదలైంది. నన్ను ఇంగ్లీషు మీడియంలో వేశారు. వీధి మలుపు దాకా బస్సు వచ్చేది. బూట్లు, టై చూసుకుని నాకు నేల మీద కాళ్లు నిలవలేదు. అబద్ధమెందుకు, సంచి ఒక్కరోజు కూడా గుర్తు రాలేదు. అక్కడ అందరూ నాలాంటివాళ్లే. పనికి వచ్చినవాళ్ల పిల్ల ఒక్కతీ లేదు. అది నాకు వింతగానూ అనిపించలేదు.

మరుసటి ఏడు పసుపుకు ఆ పిల్ల వచ్చింది. అమ్మ దగ్గర నా పాత సంచి అడిగి తీసుకుని బడికి పోయింది. వెళ్లిపోయే ముందు తిరిగిచ్చేసింది. అమ్మ దాన్ని దులుపుతూ నవ్వింది.

"గా పిల్ల రోజూ సగం మీదనే కూసున్నదట బిడ్డా, సారు చెప్పిండు. ఎవలన్న జర జరుగు అంటే, గీ సగం దానిది, అస్తది అన్నదట."

సంచి చూశాను. ఒక సగం అరిగి నున్నబడింది, రెండో సగం ఎప్పటిలాగే ఉంది. వాళ్లు మళ్లీ మా ఊరికి రాలేదు.

ఈ ఏడు మా పసుపు పనికి వచ్చినవాళ్లకూ ఏడేళ్ల పిల్ల ఉంది. నా కూతురి ఈడే. బడి మంచిదని తల్లికి నచ్చజెప్పి, పిల్ల చెయ్యి పట్టుకుని నేనే అదే సర్కారు బడికి తీసుకెళ్లాను. ఇప్పుడు అక్కడ బెంచీలున్నాయి, పిల్లలే తక్కువ. ఉన్నవాళ్లలో ఎక్కువమంది పనికి వచ్చినవాళ్ల పిల్లలే. మేడమ్ పేరు రాసుకుంటూ అడిగింది.

"మీ పాపది గూడ గిదే ఈడు గదా? ఏ బడికి పోతది?"

"బస్సుల పోతది మేడమ్."

ఆమె ఆ పిల్లకు బెంచీ చూపించింది. ఇద్దరు పట్టే బెంచీ మీద ఆ పిల్ల ఒక పక్కకు ఒదిగి కూర్చుంది. ఈసారి కూడా ఆ రెండో సగం ఖాళీ చేసింది నేనే.