అంజినప్ప బుడగ విచారణ

ఈ లోకంలో ఏదీ ఊరికే చెడిపోదని అంజినప్ప సిద్ధాంతం. చెడిన ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది. ఆ కారణాన్ని సాక్షుల ముందు పట్టుకునేదాకా ఆయనకు అన్నం సహించదు. చెప్పు తెగితే ఎంక్వయిరీ. దోసె పెనానికి అంటుకుంటే ఎంక్వయిరీ. ఒకసారి నాకు జలుబు చేస్తే, ముందురోజు నేను ఎక్కడెక్కడ తిరిగానో మా ఆవిడ దగ్గర వాంగ్మూలం తీసుకుని, "నీ తప్పేం లేదు అయివారూ, తప్పంతా నీ కిటికీది" అని తీర్పు చెప్పి, సుత్తి తెచ్చి కిటికీకి మేకులు కొట్టిపోయాడు. అది ఇప్పటికీ తెరుచుకోదు.

ముప్పై ఏళ్ళు రైల్వేలో ఫిట్టరు పని చేసిన మనిషి. అక్కడ బోల్టు ఊడినా విచారణ జరుగుతుందట. పంతొమ్మిది వందల అరవై మూడులో రిటైరై ధర్మవరంలో మా పక్కింట్లో దిగినప్పుడు వెంట తెచ్చుకున్నవి మూడు: భార్య భద్రమ్మ, కాలితో తొక్కే చిన్న లేత్ మిషను, ఈ విచారణ జబ్బు. మూడోదాన్ని మాత్రం దాచుకోకుండా వీధి మొత్తానికి పంచాడు.

మరుసటి ఏడు బెంగళూరు ఫ్యాక్టరీలో పనిచేసే మేనల్లుడు రెసిన్ అనే జిగురు ఒక డబ్బా తెచ్చిచ్చాడు. చూడటానికి తేనెలా ఉంటుంది. వెంట ఒక చిన్న సీసా. ఆ సీసాలోది కొన్ని చుక్కలు కలిపి గొట్టంలో పోస్తే అద్దంలాంటి కడ్డీ తయారవుతుంది. దాన్ని లేత్ మీద చెక్కి కలం చేసుకోవచ్చు, చేతికర్రకు పిడి చేసుకోవచ్చు. అంజినప్పకు ప్రాణం లేచొచ్చింది.

"అంటే పాలకు తోడేసినట్లే గదా" అంది భద్రమ్మ.

కొంప అక్కడే మునిగింది. పెరుగు గట్టిగా రావాలంటే తోడు కాస్త ఎక్కువ వేయాలని ఆమె సలహా, ఈయన అమలు. అనంతపురం ఎండలో ఆ గొట్టం పొగలు కక్కి, ఫెళ్ళున నిలువునా పగిలింది. రెండోసారి భయపడి తోడు తగ్గించాడు. వారం గడిచినా అది పాకంలాగే ఉండిపోయి, వీధిలోని ఈగలన్నిటికీ సమాధి అయింది. మూడోసారి బాగా కలవాలని భద్రమ్మ అలవాటు కొద్దీ కవ్వం పెట్టి చిలికింది. కడ్డీ నిండా బుడగలు.

ఒక్కోదానికీ ఒక్కో ఎంక్వయిరీ. నేను స్కూల్లో అయివారిని, అంటే మాస్టర్ని; చేతిరాత బాగుంటుందని నన్ను రాతకు కూర్చోబెట్టేవాడు. నాకు ఒళ్ళు మండేది, కానీ భద్రమ్మ ఇచ్చే కాఫీ బాగుండేది.

"ఎవురు చిలికినారు?"

"నేనే, ఇంగెవురు?" అంది భద్రమ్మ.

"నువ్వు కాదు, కవ్వం. అయివారూ, రాసుకో. కవ్వాన్ని పదైదు దినాలు సస్పెండు చేసినాం."

ఆ పదిహేను రోజులూ ఆ ఇంట్లో మజ్జిగ లేదు.

మా ఎదురింటి జయరాముడు పట్టుచీరలు నేసేవాడు. చలికాలంలో బావి మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ, కట్టు విప్పేసరికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. మగ్గంలో అడ్డపోగును మోసే నాడెను అటూ ఇటూ విసిరే తాడుకు ఒక పిడి ఉంటుంది. దాన్ని కుడిచేత్తో గట్టిగా పట్టి లాగాలి. పిడికిలే మూసుకోని చేతితో ఏం లాగుతాడు? శ్రావణం పెళ్ళిళ్ళు వచ్చేలోపల మగ్గం ఎక్కకపోతే దాన్ని ఇంకొకరికి ఇస్తానని షావుకారు తేల్చి చెప్పాడు. రోజూ ఏదైనా పట్టుకుని పిసకమని డాక్టరు చెబితే, "చిన్నపిల్లోని మాదిరి బంతి పిసుక్కుంటా కూచోల్లనా?" అని జయరాముడు కసిరాడు. చేతిమీద తువ్వాలు కప్పుకుని అరుగుమీద కూర్చునేవాడు. ఎవరైనా సాయమంటే మొహం తిప్పేసేవాడు. అతని భార్య నాగలక్ష్మమ్మ ఈ సంగతి మా ఆవిడకు చెప్పుకుని కళ్ళు తుడుచుకునేది.

వైశాఖంలో ఒక ఉదయం అంజినప్ప రోకలి లావు కడ్డీ ఒకటి పట్టుకుని ఆ అరుగు దగ్గరికి వెళ్ళాడు. వెనక పుస్తకం పట్టుకుని నేను.

"జయరామా, ఎంత చేసినా దీంట్లో బుడగ పోలేదప్పా. నా కండ్లకు కనపళ్ళేదు. పట్టుపోగు తెగితే నీ యేళ్ళకు తెలుస్తాది గదా, బుడగ యాడుండాదో చెప్పు."

"నా చెయ్యి పనికిరాదన్నా."

"నేను చెయ్యి అడగల్యా, సాక్ష్యం అడుగుతాండా. గట్టిగా పట్టి ఒత్తు. లోపల పచ్చుంటే ఒత్తుకుంటాది."

మనిషిని వదిలించుకోవాలని జయరాముడు తువ్వాలు తీసి, కడ్డీని పట్టుకుని, పళ్ళు బిగబట్టి ఒత్తాడు. చాలాసేపు ఒత్తాడు.

"లేదన్నా."

"మళ్ళా చూడు."

"ఈడ ఉండాదేమో."

"ఐతే ఆడికి చెక్కుతా. అయివారూ, రాసుకో."

లేత్ మీద ఒక పొర పోయింది. మరునాడు మళ్ళీ సాక్ష్యం, మళ్ళీ ఒత్తడం, ఇంకో చోట ఇంకో బుడగ, ఇంకో పొర. ఇలా రెండు నెలలు. నా కాపీ పుస్తకాలు మూడు అయిపోయాయి. రోకలి లావు కడ్డీ మొక్కజొన్న కంకంత అయింది, తర్వాత ఇంకా చిక్కింది. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అని నేను లోపల తిట్టుకున్న రోజులు లేకపోలేదు.

ఆషాఢం ఆఖర్న ఒకరోజు జయరాముడు కడ్డీని పట్టుకుంటే నాలుగు వేళ్ళూ చుట్టూ తిరిగి అరచేతిని తాకాయి. అతను తన చేతిని తానే కొత్తగా చూసుకున్నాడు. అంజినప్ప మాత్రం విసుక్కున్నాడు.

"పాడైపాయ! కర్రకు సన్నం, కలానికి లావు. దేనికీ పనికిరాదు. నీ మగ్గానికి కట్టుకో పో, పిడి మాదిరన్నా పడుంటాది."

పాడైపోయిన కడ్డీకి నడుమ తాడు దూరేంత బెజ్జం ఎందుకుందో నాకు అర్థం కాలేదు. తీసుకుని ఎండకెత్తి చూశాను. అవతల ఉన్న వేపచెట్టు ఆకులు లెక్కపెట్టొచ్చు. ఒక్క బుడగ లేదు.

నేరుగా భద్రమ్మ దగ్గరికి వెళ్ళాను.

"బుడగలా?" అని ఆమె నవ్వింది. "అవి ఉగాదికే పోయ. మెల్లిగా కలిపి, నీళ్ళకడవ కింద తడి ఇసకుంటాది గదా, ఆడ గొట్టం నిలబెడితే అద్దం మాదిరొస్తాది. బంతి పిసకనన్నోడు సాక్ష్యానికైతే వస్తాడని ఈయప్ప ఎత్తు. ఎవురికీ చెప్పాకు."

నాకు కడుపు నిండిపోయింది. మేకుల కిటికీతో సహా ఆయన్ను క్షమించేశాను. శ్రావణం మొదటి శుక్రవారం జయరాముడి ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినబడితే ఆగలేక లోపలికి వెళ్ళాను. పిడి లాగుతున్నాడు, నాడె పరుగెడుతోంది. ఎవరికీ చెప్పొద్దన్న భద్రమ్మ మాట అక్కడే మరిచిపోయాను.

"జయరామా, నీకొక సంగతి చెప్పాలి. ఆ కడ్డీలో అసలు..."

"బుడగ ల్యాకపాయ, అంతే గదా?" అన్నాడు అతను చెయ్యి ఆపకుండా.

నీకెప్పుడు తెలిసిందని అడిగాను.

"మూడో దినమే తెలిసె అయివారూ. ఎంటికంత సన్నని పోగు పట్టే యేళ్ళకు బుడగ ఉండేదీ ల్యానిదీ తెలీదా?"

"మరి రోజుకొక చోట చూపించావే?"

"ల్యాదంటే ఆయప్ప రేపట్నుంచి యాడికి పోవల్ల? రైలు పని మానుకున్న మనిషి. పొద్దు పోదు, పలకరించేటోళ్ళు లేరు. నేనూ ఖాళీగానే ఉంటి. పాపమని దినామూ ఒగ బుడగ చెప్తా వచ్చినా."

ఇద్దరు మంచివాళ్ళు కూడబలుక్కోకుండా చెప్పిన అబద్ధాలను నేను మూడు పుస్తకాల నిండా గుండ్రటి అక్షరాల్లో రాశానన్నమాట. నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాను.

"నవ్వేది కాదు అయివారూ. ఇంగ నాకు తీరిక దొరకదు. ఆయప్పను నువ్వే చూసుకోవల్ల."

మరునాడు పొద్దున్నే, శుభ్రంగా ఉన్న మా కుర్చీ ఒకటి మోసుకుపోయి, ఇది ఎందుకో కిర్రుమంటోందని అంజినప్పకు ఫిర్యాదు ఇచ్చాను.